‘వితంతువు’ అన్న ఒక్క మాట: టెక్సస్‌లో 12 ఎకరాల హక్కుల పరిశోధన

డల్లాస్‌కు ఉత్తరాన, కారులో గంట దూరంలో ఉన్న ఒక కౌంటీలో 12 ఎకరాల భూమికి ఒప్పందం రాసుకున్న తెలుగు దంపతులు, భూమి హక్కుల రికార్డులు వెతికే పని చేసే నన్ను 2024లో సంప్రదించారు. అప్పటికి ఆప్షన్ గడువు ఇంకా ఎనిమిది రోజులే మిగిలి ఉంది. టెక్సస్ కొనుగోలు ఒప్పందాలలో ఈ గడువుకు చాలా విలువ ఉంది. కొంత రుసుము చెల్లించిన కొనుగోలుదారు ఆ రోజులలోపు ఏ కారణమూ చూపకుండా తప్పుకోవచ్చు. ఆ తరువాత తప్పుకుంటే బయానా సొమ్ము వదులుకోవలసి రావచ్చు. భూమి హక్కును పరిశీలించి దానికి బీమా ఇచ్చే టైటిల్ కంపెనీ నుంచి వచ్చే ప్రాథమిక నివేదికకు మాత్రం ప్రామాణిక ఒప్పంద పత్రం 20 రోజుల వ్యవధి ఇస్తుంది. అంటే హక్కుల సంగతి తేలకముందే, కారణం చూపకుండా తప్పుకునే అవకాశం ముగిసిపోవచ్చు. వారు నా దగ్గరకు రావడానికి కారణం అదే.

వారు చేయగలిగిన పరిశీలన వారు అప్పటికే చేశారు. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో 2012 నుంచి అమ్మకందారు పేరే యజమానిగా ఉంది, పన్ను బకాయిలు లేవు, పటంలో హద్దులు స్పష్టంగా ఉన్నాయి. “ఇంత స్పష్టంగా ఉన్నాక ఇంకా ఏం చూడాలండీ?” అని దంపతుల్లో భార్య అడిగారు. ఆ ప్రశ్న సహజమైనదే. కానీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ పని పన్ను కోసం భూమికి విలువ కట్టడం వరకే. పన్ను నోటీసు ఎవరికి పంపాలో దానికి తెలుసు. ఆ భూమి నిజంగా ఎవరిదో తేల్చే అధికారం దానికి లేదు. హక్కును చూపే దస్తావేజులు ఉండేది కౌంటీ క్లర్క్ కార్యాలయంలో.

ఇక్కడ మన పాఠకులకు ఒక తేడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు చేస్తే, ఆ కార్యాలయమే తన రికార్డు వెతికి ఈసీ ఇస్తుంది. టెక్సస్ కౌంటీ క్లర్క్ అలాంటి ధ్రువపత్రం ఏదీ ఇవ్వరు. వచ్చిన పత్రాన్ని నమోదు చేసి, పేర్ల ప్రకారం సూచికలోకి ఎక్కించి, అడిగిన వారికి చూపడంతో ఆ కార్యాలయం పని పూర్తవుతుంది. వెతకడం, చదవడం, ఒక దస్తావేజును మరొక దస్తావేజుతో ముడివేయడం పూర్తిగా వెతికేవారి బాధ్యత. నేను న్యాయవాదిని కాను. నా పని, భూమి ఒకరి నుంచి ఒకరికి ఎలా చేతులు మారిందో చూపే దస్తావేజుల గొలుసును కట్టి చూపడం. ఆ గొలుసుపై చట్టపరమైన అభిప్రాయం న్యాయవాది ఇవ్వాలి. కౌంటీ పేరును, సంబంధిత వ్యక్తుల పేర్లను ఈ కథనంలో ఇవ్వడం లేదు.

వెనక్కి నడవడం

సూచికలు రెండు ఉంటాయి. ఇచ్చినవారి పేర్లతో ఉన్నదాన్ని డైరెక్ట్ అనీ, పుచ్చుకున్నవారి పేర్లతో ఉన్నదాన్ని రివర్స్ అనీ అంటారు. ముందుగా ప్రస్తుత యజమాని పేరును రివర్స్ సూచికలో పట్టుకుని, ఆయనకు ఎవరు ఇచ్చారో చూసి, ఆ ఇచ్చినవారికి ఎవరు ఇచ్చారో చూస్తూ వెనక్కి వెళ్లాలి. గొలుసు దొరికిన తరువాత ప్రతి యజమానినీ, ఆ భూమి అతని చేతిలో ఉన్న కాలమంతటికీ, డైరెక్ట్ సూచికలో ముందుకు వెతకాలి. అదే భూమిని ఇంకెవరికైనా రాశాడా, తాకట్టు పెట్టాడా, అతనిపై కోర్టు తీర్పు తాలూకు లీన్ (బాకీ కోసం ఆస్తిపై ఉండే హక్కు) ఏదైనా నమోదైందా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఈ కౌంటీలో కంప్యూటర్ సూచిక కొంతకాలం వెనక్కి మాత్రమే వెళ్తుంది. అంతకుముందువి కార్యాలయంలోని పెద్ద బౌండు పుస్తకాలలో ఉన్నాయి. అందుకని మొదటి రోజే నేను అక్కడికి వెళ్లాను. నకలు పేజీకి ఒక డాలరు. ధ్రువీకరించిన నకలు కావాలంటే మరో ఐదు డాలర్లు.

అమ్మకందారు దస్తావేజు 2012 నాటిది. దాన్ని రాసిచ్చినది ఒక మహిళ. ఆమె పేరుతో రివర్స్ సూచికలో వెతికితే ఆ కౌంటీలో ఆమెకు ఎప్పుడూ ఏ భూమీ వచ్చినట్టు లేదు. ఇలాంటి చోట చాలామంది ‘నమోదు కాని దస్తావేజు ఏదో ఉండి ఉంటుంది’ అని రాసి ఆపేస్తారు. దస్తావేజును చివరిదాకా చదివితే, భూమి వర్ణన కింద, ఇది 1998లో ఫలానా వాల్యూమ్, ఫలానా పేజీలో నమోదైన దస్తావేజులోని భూమే అన్న ప్రస్తావన కనిపించింది. పేరు తెగిపోయిన చోట భూమి వర్ణనే దారి చూపింది. ఆ 1998 దస్తావేజు ఒక భార్యాభర్తల పేరున ఉంది. భార్య మొదటి పేరు 2012లో అమ్మిన మహిళ మొదటి పేరే, ఇంటిపేరు వేరు.

విడాకులు అయి ఉంటాయని ఊహించడం కష్టం కాదు. ఆ కాగితం ఎక్కడ ఉంటుందో తెలియాలి. టెక్సస్‌లో విడాకుల కేసుల రికార్డు కౌంటీ క్లర్క్ దగ్గర ఉండదు, డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర ఉంటుంది. కార్యాలయాలు రెండు, సూచికలు రెండు, ఒకదాని సమాచారం మరొకదానిలో కనబడదు. డిస్ట్రిక్ట్ క్లర్క్ కార్యాలయంలో 2011 నాటి తీర్పు దొరికింది. భూమిని భార్యకు కేటాయిస్తూ, భర్త హక్కును తొలగిస్తూ, ఆమె పుట్టింటి పేరును పునరుద్ధరిస్తూ ఇచ్చిన తీర్పు అది. దాని నకలును భూమి రికార్డులో ఎవరూ నమోదు చేయించలేదు. పైగా అందులో భూమిని వీధి చిరునామాతో మాత్రమే చెప్పారు; కొలతలు లేవు. దీన్ని సరిచేయడం సాధ్యమే. తీర్పు ధ్రువీకృత నకలును నమోదు చేయించి, మాజీ భర్త చేత పూర్తి వర్ణనతో ఒక డీడ్ రాయించుకుంటే చాలు. ఆయన ఆ పక్క పట్టణంలోనే ఉన్నారు, అభ్యంతరం చెప్పలేదు.

1998లో ఆ దంపతులు తీసుకున్న అప్పు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. టెక్సస్‌లో ఇంటి అప్పుకు, భూమి అప్పుకు హామీగా డీడ్ ఆఫ్ ట్రస్ట్ రాస్తారు. అప్పు తీరాక రిలీజ్ (తాకట్టు విడుదల పత్రం) ఇచ్చేది బ్యాంకు కాబట్టి, అది ఇచ్చినవారి సూచికలో బ్యాంకు పేరు కింద ఉంటుంది. మధ్యలో ఆ బ్యాంకు మరొక బ్యాంకులో విలీనమైంది. రుణగ్రహీత పేరును డైరెక్ట్ సూచికలో మాత్రమే వెతికినవారికి ఈ రిలీజ్ ఎప్పటికీ కనబడదు, అప్పు ఇంకా ఉన్నట్టే తోస్తుంది. రివర్స్ సూచికలో అది దొరికింది. ఆ విషయం అంతటితో ముగిసింది.

ఆగిపోయిన చోటు

1998లో ఆ దంపతులకు భూమి అమ్మినది ఒక వృద్ధురాలు. సంతకం ఉంది, నోటరీ ఉంది, పూర్తి హామీతో రాసిన జనరల్ వారంటీ డీడ్. ధర మాత్రం ఉండదు. మన విక్రయ దస్తావేజులలో సొమ్ము అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తారు. టెక్సస్‌లో ధర వెల్లడించాలనే నియమం లేదు కనుక ‘పది డాలర్లు, ఇతర విలువైన ప్రతిఫలం’ అన్న మూస వాక్యమే ఎక్కువగా కనబడుతుంది. ఆ దస్తావేజును మొదటి రోజు నేను సరైనదిగా గుర్తు పెట్టుకుని దాటి వెళ్లాను. మరునాడు ఉదయం నకళ్లను వరుసగా పేర్చి మళ్లీ చదువుతున్నప్పుడు ఆమె పేరు పక్కన ఉన్న చిన్న మాట పట్టి ఆపింది: ‘వితంతువు’. అంతకుముందరి దస్తావేజు 1968 నాటిది, 40 ఎకరాలకు. అది ఆమె పేరున, ఆమె భర్త పేరున కలిపి ఉంది. ఇద్దరికి వచ్చిన భూమిని ఒకరు అమ్మారు. రెండవవారి వాటా ఏ మార్గంలో ఆమెకు చేరింది?

కౌంటీ క్లర్క్ దగ్గరే ఉండే ప్రొబేట్ సూచికలో ఆయన పేరున వీలునామా కాని, వారసత్వ విచారణ కాని లేవు. దస్తావేజుల సూచికలో వారసత్వ అఫిడవిట్ లేదు. ఆ పట్టణ గ్రంథాలయంలో పాత వార్తాపత్రికల మైక్రోఫిల్మ్ చూస్తే మరణ వార్త దొరికింది. 1991 ఫిబ్రవరిలో మరణించారు; భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారని అందులో ఉంది. వార్తాపత్రిక రుజువు కాదు. కానీ ఎవరిని వెతకాలో చెప్పడానికి అంతకంటే మంచి ఆధారం చాలాసార్లు దొరకదు.

ఇక్కడ తేదీయే ప్రాణం. టెక్సస్‌లో వివాహకాలంలో భార్యాభర్తలు సంపాదించిన ఆస్తి ఉమ్మడి ఆస్తి, చెరి సగం. వీలునామా లేకుండా ఒకరు చనిపోతే వారి సగం ఎవరికి వెళ్లాలన్న నియమం 1993 సెప్టెంబరు 1న మారింది. ఆ తేదీ తరువాత మరణిస్తే, పిల్లలందరూ ఆ ఇద్దరికీ పుట్టినవారే అయినప్పుడు, ఆ సగం బతికి ఉన్న భార్యకు లేదా భర్తకు వెళ్తుంది. అంతకుముందు మరణించినవారి సగం మాత్రం పిల్లలకు చెందుతుంది. ఆయన 1991లో మరణించారు. ఇంకో రెండున్నరేళ్లకు పైగా బతికి ఉంటే 1998 దస్తావేజు ఒక్కటే సరిపోయేది. ఆయన అప్పటికే పోయారు కాబట్టి, 1998లో ఆమె చేతిలో ఉన్నది సగమే. భర్త వదిలిన ఇంటి భూమిలో జీవితాంతం నివసించే హక్కు భార్యకు టెక్సస్ చట్టం ఇస్తుంది. అయితే అది ఉండే హక్కు. పిల్లల వాటాను అమ్మే హక్కు కాదు.

లెక్క వేస్తే, తండ్రి సగం ముగ్గురు పిల్లలకు, ఒక్కొక్కరికి ఆరో వంతు. ప్రస్తుత 12 ఎకరాలలో తలా రెండెకరాల విలువైన, విభజించని వాటా. అంటే 1998లో కొన్నవారు, 2012లో కొన్నవారు, ఇప్పుడు కొనబోతున్నవారు అందరూ, కాగితం మీద చూస్తే, ఆరు ఎకరాల విలువకే పూర్తి ధర ఇస్తున్నారు. తల్లి పూర్తి హామీతో రాసిన డీడ్ ఆమె ద్వారా వారసత్వం పొందిన పిల్లలను ఎంతవరకు కట్టేస్తుంది, ఇన్నేళ్ల స్వాధీనానికి విలువ ఎంత అన్న ప్రశ్నలు ఉన్నాయి. అవి న్యాయవాదులు కోర్టులో వాదించగల ప్రశ్నలు. ఇల్లు కట్టుకోవాలనుకునే కుటుంబానికి కావలసింది సంతకాలు.

దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి నాకొక కారణం ఉంది. సూచిక చూపేది సంతకం చేసినవారిని. సంతకం చేయవలసి ఉండి చేయనివారిని ఏ సూచికా చూపదు. మరణం, విడాకులు, రెండో పెళ్లి దస్తావేజుల గదిలో జరగవు. అవి జరిగాయన్న జాడ మాత్రం ‘వితంతువు’, ‘అవివాహిత’ వంటి విశేషణాలలో మిగిలి ఉంటుంది. మన ఈసీలలోనూ ఇదే లోటు ఉంది. రిజిస్టరు కాని వీలునామా, నోటి మాటతో జరిగిన పంపకం ఈసీలో కనబడవు.

భూమి ఎక్కడ ఉంది

హక్కు ఎవరిదో వెతుకుతూనే భూమి ఏదో కూడా తేల్చుకోవాలి. 1845లో అమెరికాలో కలిసినప్పుడు టెక్సస్ తన ప్రభుత్వ భూములను తన దగ్గరే ఉంచుకుంది. అందుకే మిగతా పడమటి రాష్ట్రాలలో కనిపించే ఆరు మైళ్ల చదరపు టౌన్‌షిప్ కొలత ఇక్కడ లేదు. మొదట భూమి పొందినవారి పేరుతో ప్రతి సర్వేకూ ఒక పేరు, కౌంటీ వారీగా ఒక ఆబ్‌స్ట్రాక్ట్ నంబరు ఉంటాయి. మన సర్వే నంబరుకు దగ్గర పోలిక అదే. ఈ ప్రాంతం 1841లో మొదలైన పీటర్స్ కాలనీలోది. అందులో కుటుంబం ఉన్నవారికి 640 ఎకరాలు, ఒంటరివారికి 320 ఎకరాలు ఇచ్చేవారు. ఆ తొలి పట్టాలను ఆస్టిన్‌లోని జనరల్ ల్యాండ్ ఆఫీస్‌లో చూడవచ్చు.

1968 దస్తావేజు కొలతలు వారాలలో ఉన్నాయి. వారా అన్నది స్పానిష్ కాలం నుంచి వచ్చిన కొలమానం, టెక్సస్‌లో 33⅓ అంగుళాలు. 36 వారాలు సరిగ్గా 100 అడుగులు. దక్షిణపు హద్దు 432 వారాలు, అంటే 1,200 అడుగులు; ఉత్తర దక్షిణాల పొడవు 1,452 అడుగులకు వస్తుంది, మొత్తం 40 ఎకరాలు. 1998 దస్తావేజు తూర్పు వైపు 360 అడుగుల వెడల్పు పట్టీని అడుగులలో వర్ణించింది. 360ని 1,452తో గుణిస్తే 5,22,720 చదరపు అడుగులు, ఖచ్చితంగా 12 ఎకరాలు. కొలమానం మారిన చోట చిన్న కోత పడడం తరచూ చూస్తాను. ఇక్కడ అది లేదు. అయినా కొత్త సర్వే చేయించమనే చెప్పాను.

1968లో అమ్మినవారు ఖనిజ హక్కులలో సగం తమ వద్దే ఉంచుకున్నారు. టెక్సస్‌లో ఖనిజ హక్కు భూమిపై హక్కు కంటే బలమైనది. ఖనిజ యజమాని అవసరమైనంత మేర పైభూమిని వాడుకోవచ్చు. టైటిల్ పాలసీలు సాధారణంగా దీనికి రక్షణ ఇవ్వవు. కొనుగోలుదారులకు ఇది తెలియజేశాను, వారు అంగీకరించారు. ఇంకొకటి పన్ను సంగతి. ఆ భూమికి వ్యవసాయ విలువ ప్రకారం తక్కువ పన్ను వేస్తున్నారు. వాడకం మారిస్తే గత మూడు సంవత్సరాలకు పన్ను తేడా వెనక్కి కట్టాలి. ఇల్లు కట్టేది కొనేవారే కాబట్టి, ఆ భారం ఎవరు మోయాలో ఒప్పందంలోనే రాయించుకోమన్నాను.

సంతకాల కోసం

ఐదో రోజు నా నివేదిక ఇచ్చాను. ఆప్షన్ గడువు పొడిగింపుకు అమ్మకందారు ఒప్పుకున్నారు. ఆయన నిజాయితీపరుడు, 2012లో తాను కొన్నప్పుడు ఇవేవీ ఎవరూ చెప్పలేదని బాధపడ్డారు. న్యాయవాది సలహాతో పని మొదలైంది.

పెద్ద కొడుకు ఆ కౌంటీలోనే ఉన్నారు. రెండవవారు ఓక్లహామాలో ఉన్నారు. కూతురు 2015లో, వీలునామా లేకుండా మరణించింది. భర్త, ఇద్దరు పిల్లలు ఉన్నారు. తండ్రి నుంచి వచ్చిన వాటా ఆమె సొంత ఆస్తి, ఉమ్మడి ఆస్తి కాదు. కనుక వేరే నియమం వర్తిస్తుంది: ఆమె ఆరో వంతులో భర్తకు మూడో వంతుపై జీవితకాల హక్కు, దానికి లోబడి మిగతా హక్కంతా పిల్లలిద్దరికీ సమానంగా, మొత్తం భూమిలో చెరి పన్నెండో వంతు. చిన్న పిల్లవాడికి అప్పటికి కొద్ది నెలల క్రితమే 18 ఏళ్లు నిండాయి. అతను ఇంకా మైనరుగా ఉండి ఉంటే కోర్టుకు వెళ్లవలసి వచ్చేది, ఈ ఒప్పందం బహుశా నిలిచేది కాదు.

రెండవ కొడుకు మొదట సంతకం చేయనన్నారు. ‘అమ్మ అమ్మేసిన భూమికి ఇప్పుడు నా సంతకం ఎందుకు?’ అన్నది ఆయన అనుమానం. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఇలాంటి వారిని ‘ఊరికే ఒక లాంఛనం’ అని నమ్మించి సంతకం చేయించుకోవడం తప్పు. వారు ఇస్తున్నది ఆస్తిలో వాటా. ఆ మాట వారికి చెప్పాలి, వారి న్యాయవాదిని అడిగి రమ్మనాలి. నేను ఆయనకు 1968, 1998 దస్తావేజుల నకళ్లు పంపి, లెక్క మొత్తం కాగితం మీద వేసి చూపించాను. పది రోజుల తరువాత ఆయన ఒప్పుకున్నారు. అమ్మకందారు తన రాబడి నుంచి ఐదుగురికీ కొంత సొమ్ము ఇచ్చారు.

పత్రాల రకం గురించి ఒక మాట. క్విట్‌క్లెయిమ్, అంటే తనకు ఏదైనా హక్కు ఉంటే దాన్ని వదులుకుంటున్నానని మాత్రమే చెప్పే పత్రం, రాయించుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. టెక్సస్‌లో క్విట్‌క్లెయిమ్ పుచ్చుకున్నవారిని, ఆ హక్కులో లోపం ఉండవచ్చని తెలిసి పుచ్చుకున్నవారిగా కోర్టులు చూస్తూ వచ్చాయి. అందుకే మా న్యాయవాది హామీ లేని డీడ్ రాశారు. అది హామీ ఇవ్వకపోయినా భూమిని బదిలీ చేస్తుంది. దానితో పాటు తండ్రి కుటుంబ చరిత్రపై వారసత్వ అఫిడవిట్, ఆ కుటుంబాన్ని ఎరిగిన, ఈ భూమిలో ఏ లాభమూ లేని ఇద్దరు వృద్ధుల ప్రమాణంతో. అటువంటి అఫిడవిట్ ఐదేళ్లు రికార్డులో ఉన్న తరువాతే అందులోని విషయాలు ప్రాథమిక రుజువుగా నిలుస్తాయి. కొత్తదానికి ఆ బలం లేదు, కాని వారసుల డీడ్లతో కలిపి టైటిల్ కంపెనీ దాన్ని అంగీకరించింది. కూతురి కుటుంబానికి మరో అఫిడవిట్.

మొత్తం ఏడు వారాలు పట్టింది. అన్నింటినీ ఒకే రోజు, ఒక క్రమంలో నమోదు చేయించాం: విడాకుల తీర్పు నకలు, మాజీ భర్త డీడ్, రెండు అఫిడవిట్లు, వారసుల డీడ్లు, ఆ తరువాత నా క్లయింట్ల డీడ్. నమోదు రుసుము మొదటి పేజీకి 25 డాలర్ల చుట్టూ, తరువాతి ప్రతి పేజీకి 4 డాలర్లు. నమోదు చేయకపోయినా ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ మధ్య డీడ్ చెల్లుతుంది. ఆ తరువాత, దాని సంగతి తెలియకుండా విలువ ఇచ్చి కొన్నవారిపై మాత్రం అది చెల్లదని టెక్సస్ ప్రాపర్టీ కోడ్ చెబుతోంది. కాబట్టి సంతకమైన రోజే నమోదు కావాలన్నది నా పట్టుదల.

క్లయింట్ పేరు దగ్గర మాత్రం ఒక చిక్కు ఉంది. ఆయన పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండడంతో వీసాలో మొదటి పేరుగా ఎఫ్‌ఎన్‌యు (‘మొదటి పేరు తెలియదు’ అన్నదానికి ఆంగ్ల పొడి అక్షరాలు) అని పడింది, డ్రైవింగ్ లైసెన్సుకూ అదే ఎక్కింది. ఇది మనవారిలో చాలామందికి ఉన్న సమస్య. డీడ్‌లో ఆయన పూర్తి పేరును, ఆ తరువాత ‘ఇలా కూడా పిలవబడే’ అంటూ ఎఫ్‌ఎన్‌యు రూపాన్ని రాయించాం, రేపు ఏ రూపంతో వెతికినా దొరకాలని.

నమోదైన నాలుగో రోజు నేను మళ్లీ సూచికలో వెతికాను. ప్రతి కేసులోనూ ఇది చేస్తాను. వారసుల డీడ్లన్నీ తండ్రి పేరు కింద, పిల్లల పేర్ల కింద సరిగా ఉన్నాయి. నా క్లయింట్ డీడ్ మాత్రం ఆయన భార్య పేరు కింద, ఎఫ్‌ఎన్‌యునే ఇంటిపేరుగా తీసుకున్న మరో వరుస కింద మాత్రమే ఉంది. ఆయన అసలు పేరు కింద లేదు. డీడ్ నకలు పట్టుకుని కౌంటర్ దగ్గరకు వెళ్లి చూపించాను. అక్కడి ఉద్యోగిని చదివి చూసి, మూడు పేర్ల కిందా ఉండేలా ఎక్కించారు. సాయంత్రం మళ్లీ వెతికాను, మూడూ వచ్చాయి.